ఆఖరి ఏడాది అంగడి

అంగడి అనే మాట మా బళ్లారిలో రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. తరగతిలో కన్నడ పిల్లలకు చెప్పినా, తెలుగు పిల్లలకు చెప్పినా అర్థం వెతుక్కోనక్కరలేదు. ఈ పూట మీతో ముచ్చటించబోయేది గోడలూ తక్కెడా లేని అంగడి గురించి. దాన్నే ఈ-కామర్స్ అంటున్నాం. బి.సి.ఎ., ఐ.టి. డిగ్రీలు చదివే మన పిల్లల్లో చాలామంది ఆఖరి సెమిస్టరులో ప్రాజెక్టు పేరిట ఇలాంటి అంగడినే కట్టి చూపిస్తారు. ఇది చదువులోకి ఎలా వచ్చిందో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

1979లో ఇంగ్లండులో మైకేల్ ఆల్డ్రిచ్ అనే ఆయన ఇంట్లోని టీవీని టెలిఫోను తీగతో కంప్యూటరుకు కలిపి, బేరసారాలు జరపవచ్చని చూపించారు. 1984 మే నెలలో గేట్స్‌హెడ్ పట్టణంలో 72 ఏళ్ల పెద్దావిడ ఒకామె టీవీ ముందు కూర్చుని రిమోటు నొక్కి, కోడిగుడ్లూ కార్న్‌ఫ్లేక్సూ మార్గరీనూ ఇంటికి తెప్పించుకున్నారు. ఇక ఇంటర్నెట్టు మాటకొస్తే, 1994 ఆగస్టు 11న అమెరికాలో నెట్‌మార్కెట్ అనే చిన్న సంస్థ ఒక పాటల సీడీని 12 డాలర్ల 48 సెంట్లకు అమ్మింది. కొన్నవారి కార్డు నంబరు దారిలో ఎవరూ చదవలేని గుప్తలిపిలో వెళ్లింది. అదీ అందులోని విశేషం.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు అందింది 1995 ఆగస్టు 15న. కంప్యూటరులో కుదిరిన ఒప్పందానికీ, సంతకానికీ చట్టబలం ఇచ్చిన చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ వారు పుస్తకాల అంగడి తెరిస్తే, మొదటి పుస్తకం అడిగింది మహబూబ్‌నగర్ నుంచి. ఆ మాత్రానికి తెలుగువాళ్లం మీసం దువ్వుకోవచ్చు!

ఈలోగా అమెరికాలో అధ్యాపకులు ఐ.టి. చదువుకు విడిగా పాఠ్యక్రమం తయారుచేసే పనిలో పడ్డారు. 2008లో వెలువడిన నమూనాలో అయిదు స్తంభాలున్నాయి: ప్రోగ్రామింగు, నెట్‌వర్కులు, డేటాబేసులు, వెబ్ వ్యవస్థలు, మనిషికీ యంత్రానికీ మధ్య నడిచే వ్యవహారం. వీటన్నిటికీ పైన భద్రత. ఏ సెమిస్టరులో చదివింది ఆ సెమిస్టరులోనే మరిచిపోయే పిల్లవాడి చేత ఈ అయిదింటినీ ఒకేచోట వాడించాలంటే అంగడికి మించిన సాధనం దొరకదు.

ఎలాగంటారా? బీరువాలో జీన్స్ ప్యాంటు ఒకటే మిగిలింది. ఇద్దరు ఒకే క్షణంలో మీట నొక్కారు. ఎవరికివ్వాలి? డబ్బు కట్టాక, సరుకు లెక్కలో పడకముందే కరెంటు పోయింది. ఆ డబ్బు ఎవరిది? లావాదేవీ అన్నాక మొత్తం జరగాలి, లేదా అసలు జరగనట్టే ఉండాలి. ఈ విషయం మీద పనిచేసిన జిమ్ గ్రే గారికి 1998లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. మన పిల్లలు పరీక్షలో దీన్ని నాలుగు మార్కుల జవాబుగా రాసి ఊరుకుంటారు.

మా బడిలో చదివి డిగ్రీకి వెళ్లిన కుర్రాడొకడు ప్రాజెక్టు రిపోర్టు పట్టుకొచ్చాడు. "ఇంగ్లీషు ఒకసారి చూడండి సార్" అన్నాడు. జీన్స్ అంగడే. బొమ్మలు బాగున్నాయి. పైన చెప్పిన రెండు ప్రశ్నలే అడిగాను. నేల చూపులు చూశాడు.

"ఏరా, ఎవరు చేశారిది?"

"కొన్నాను సార్. అందరూ అక్కడే కొంటున్నారు."

వాణ్ణి తిట్టి ఏం లాభం? రిపోర్టు అట్ట చూసి మార్కులు వేసే పద్ధతి ఉన్నంతకాలం అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉంటారు. "మీ మేనమామకు జీన్స్ కుట్టించే యూనిట్టు ఉంది గదా, పది రోజులు అక్కడ కూర్చుని రా" అన్నాను.

పదో రోజున వచ్చినవాడి నోట మాటలే వేరు. "సార్, మామ ఒక్క ప్యాంటు అమ్మడు. 28, 30, 32, 34 సైజులు కలిపి సెట్టుగా ఇస్తాడు. నేను కొన్న ప్రోగ్రాములో సెట్టు అనేదే లేదు." అంతటితో ఆగలేదు. పార్సెలు తీసుకోనని వెనక్కి పంపేవారుంటారు, అప్పుడు రానుపోను కిరాయి ఎవరు భరించాలి అని నన్నే అడిగాడు. ఇది మన దేశంలో చిన్న ప్రశ్న కాదు. సరుకు చేతికందాకే డబ్బు ఇచ్చే పద్ధతిని ఫ్లిప్‌కార్ట్ 2010లో తెచ్చింది గదా, అందులోని చిక్కే ఇది.

కొన్నది పక్కన పడేసి మళ్లీ మొదటినుంచి రాసుకున్నాడు. తెర అంత అందంగా రాలేదు గానీ, ఇద్దరు ఒకేసారి చివరి సెట్టు అడిగితే ఒకరికే ఇచ్చి, రెండోవారికి లేదని చెబుతుంది. నేనూ, వాడూ రెండు ఫోన్లు పట్టుకుని నొక్కి చూశాం. నాకే దక్కలేదు.

మేనమామ అరువు ఖాతా మాత్రం ఇంకా నోటుపుస్తకంలోనే ఉంది. ఎవరికి ఎన్నాళ్లు గడువివ్వాలో ఆయన మనిషి ముఖం చూసి చెబుతాడట. దాన్ని ప్రోగ్రాములో ఎలా రాయాలో వాడికింకా తేలలేదు.