సముద్రంలో డీజే పెట్టిందెవరు?

మన మరిపెడకు సముద్రం చానా దూరం. మనలో చాలామంది సముద్రాన్ని ఫస్ట్ టైం చూసింది వైజాగ్ టూర్‌లోనే కదా. ఆర్కే బీచ్ కాడ కురుసుర సబ్‌మెరైన్ లోపలికి పోయి సెల్ఫీలు దిగే ఉంటరు. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియం అయింది అది. లోపల సోనార్ పరికరాలు ఉంటయి. వాటిని ఎవరూ సరిగ్గ చూడరు. ఈరోజు ముచ్చట ఆ సోనార్ గురించే.

సముద్రంల కొంచెం లోతుకు పోతే అంతా చీకటి, కండ్లు పనిచేయవు. శబ్దం మాత్రం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. తిమింగలాలు, డాల్ఫిన్లు ఈ సంగతి కోట్ల ఏళ్ల కిందనే పట్టుకున్నయి. దారి వెతకాలన్నా, తిండి దొరకాలన్నా, తల్లి పిల్లను పిలవాలన్నా వాటికి చెవే దిక్కు.

మనిషికి ఇది గట్టిగ తట్టింది 1912లో టైటానిక్ మునిగినాక. ఫెస్సెండెన్ అనే ఇంజనీరు 1914లో నీళ్లల్లకు శబ్దం పంపి, మంచుకొండకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని విన్నడు. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఓడలను కాపాడుదామని పుట్టిన ఆలోచన సబ్‌మెరైన్ల వేటకు మళ్లింది. 1971లో ఆ వేట మన వైజాగ్ దాకా వచ్చింది, ఘాజీ కథ మీకు తెలిసిందే. దాన్ని రాజ్‌పుత్ ముంచిందా, లోపలి పేలుడుతో మునిగిందా అని రెండు దేశాల వాదన ఇంకా తెగలేదు.

సోనార్ రెండు రకాలు. ఒకటి ఊరికే వింటది, దానితో ఏ బాధ లేదు. రెండోది తనే గట్టిగ అరిచి, ప్రతిధ్వని వింటది. తంటా దీనితోనే. 2000 మార్చిలో బహామాస్ దీవుల దగ్గర అమెరికా నేవీ సోనార్ వాడుతూ విన్యాసాలు చేసింది. ఆ టైంలనే 17 జీవాలు ఒడ్డుకొచ్చి పడ్డయి. ఎక్కువ శాతం పక్షి ముక్కులాంటి మూతి ఉన్న తిమింగలాలే. చనిపోయిన వాటిని కోసి చూస్తే చెవుల చుట్టూ రక్తం కారిన గుర్తులు. 2001 చివర్లో నేవీ కూడా కలిసి ఇచ్చిన రిపోర్టులోనే, కారణం సోనారే అయి ఉంటదని రాసుకున్నరు.

ఇట్లాంటివి వార్తల్లోకి వస్తయి. నన్నడిగితే అంతకన్నా పెద్ద గొడవ రోజూ తిరిగే సరుకు ఓడలది. వైజాగ్ పోర్టుకు 1933లో జలదుర్గ అనే మొదటి ఓడ వచ్చింది. ఇప్పుడు అక్కడ ఓడలు క్యూ కడతయి. ఓడ కింద ప్రొపెల్లర్ తిరుగుతుంటే నీళ్లల్ల బుడగలు పుట్టి పగులుతయి, ఆ చప్పుడు ఎంతో దూరం పోతది. కాలిఫోర్నియా తీరంలో ఒక చోట 1960లలో కొలిచిన దానికంటే 2003-04 నాటికి చప్పుడు 10 నుంచి 12 డెసిబెల్స్ పెరిగింది. 10 డెసిబెల్స్ అంటే చిన్నదనుకోకుండ్రి, శబ్ద శక్తి పది రెట్లయినట్టు. పెండ్లి బరాత్‌ల డీజే పక్కన నిలబడి ఫోన్ మాట్లాడి చూడుండ్రి, తిమింగలం పరిస్థితి అర్థమైతది. మనకైతే బరాత్ ఒక్క రాత్రితో అయిపోతది.

మరి ఆ డీజే ఆపితే ఏమైతది? అనుకోకుండ ఒకసారి ఆగింది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కొన్ని రోజులు కెనడాలోని ఫండీ అఖాతంలో ఓడలు బాగ తగ్గినయి, చప్పుడు 6 డెసిబెల్స్ పడిపోయింది. అక్కడి రైట్ వేల్స్ మలాన్ని ఆ టైంలనే శాస్త్రవేత్తలు వేరే పని మీద సేకరిస్తున్నరు. తర్వాత రోజలిండ్ రోలండ్ బృందం లెక్క చూస్తే, ఆ రోజుల్లో వాటి స్ట్రెస్ హార్మోన్లు తగ్గినయి. 2012లో ఈ సంగతి అచ్చయింది. అప్పటిదాకా ఆ జీవాలు టెన్షన్‌తోనే బతుకుతున్నయని ఎవరికి తెలుసు?

సముద్రంల నూనె ఒలికితే ఏండ్లు పడతది కడగడానికి. చప్పుడు అట్ల కాదు, ఇంజన్ ఆపిన నిమిషంల పోతది. చానా ఓడలు వేగం తగ్గించినా చాలు, చప్పుడు తగ్గుతది. అంతర్జాతీయ నౌకా సంస్థ 2014లో దీనిమీద మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కానీ అవి సలహాలే, తప్పనిసరి కాదు.

సరే దోస్తులు, మళ్లొక ఎపిసోడ్‌ల కలుద్దాం.