ధాత కరువు: నింద వాన ఒక్కదానిదేనా?

వాతావరణ మార్పు మాట వస్తే చాలు, చరిత్రలోంచి ఉదాహరణలు ఏరుకొచ్చి ముందు పెట్టడం ఇప్పుడు రివాజైంది. వాన తప్పింది, పంట పోయింది, జనం పోయారు అంటారు. పంట పోవడానికీ జనం పోవడానికీ మధ్య ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. నా పేచీ అక్కడే.

వానల పేచీ తెలుగు నేలకు కొత్త కాదు. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు వెలిశాయి. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు చెప్పింది, ఆరు దోషాలూ చెప్పింది. చెరువును చూసుకునేవారికి దశబంధ మాన్యాలుండేవి. 1832-33 డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. ఆ తర్వాత గోదావరి, కృష్ణలపై ఆనకట్టలు లేచాయి, డెల్టా తేరుకుంది. కథ అక్కడితో సుఖాంతమైందనుకునేవాళ్లకు 1876-78 నాటి ధాత కరువు అడ్డు తగులుతుంది.

కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఆ కరువుకు చితికిపోయాయి. వాన తప్పిన మాట నిజమే. 1877లో బలమైన ఎల్ నినో వచ్చింది, చైనా, ఈశాన్య బ్రెజిల్ కూడా అప్పుడే ఎండాయి. దాన్ని తక్కువ చేయను. కానీ మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు అప్పటికే రాయలసీమ మీదుగా నడుస్తోంది. ధాన్యం రావడానికి దారి ఉంది. కొనడానికి కూలివాడి చేతిలో డబ్బే లేదు. సేద్యం ఆగగానే కూలి ఆగింది, ధరలు మండిపోయాయి. దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమ ఎగుమతులు మాత్రం ఆగలేదు.

1877లో వైస్రాయ్ లిట్టన్ పంపితే సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చాడు. కరువు పనిలో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కూడా లేదు, పైన ఒక అణా చాలన్నాడు. ఆ తిండితో ప్రాణం నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. అంతకుముందు 1873-74లో బీహార్‌కు బర్మా బియ్యం తెప్పించి చావులను చాలావరకు ఆపింది ఈ టెంపులే! దుబారా చేశాడని అప్పుడు తిట్లు తిన్నాడు. బీహార్‌లో వాన ఇంత ఘోరంగా తప్పలేదు కనుక రెంటినీ ఒకే త్రాసులో తూచలేం. అయినా ఒకే అధికారి మూడేళ్లలో అంత మారడానికి కారణం మేఘాల్లో దొరకదు, ఖజానా లెక్కల్లో దొరుకుతుంది. తిండి కరువు కన్నా పని కరువే ఎక్కువని 1880 నాటి కరువు కమిషన్ కూడా ఒప్పుకుంది.

ఇప్పుడు ఆకలి చావుల కాలం కాదు, రేషన్ బియ్యం ఉన్నాయి. ఉపాధి హామీ పనులు ఆనాటి కరువు పనులకు దూరపు వారసులే. అయినా నాకు తృప్తి లేదు. మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, మంచిదే. తూము, మత్తడి ఏడాది పొడవునా కనిపెట్టుకుని ఉండే నీరటికాడి సంగతి మాత్రం వెనకబడింది. దశబంధం ఎందుకు పెట్టారో మరిచిపోయినట్టున్నాం. ఎండల సంగతీ అంతే. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ లెక్కల ప్రకారమే వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు. వాళ్లలో కూలీలు, ముసలివాళ్లే ఎక్కువ. మధ్యాహ్నం ఎండలోకి రావద్దని ఏటా హెచ్చరికలు వస్తాయి. మానుకున్న ఆ పూట కూలి ఎవరిస్తారో వాటిలో ఉండదు.