అనుశయానికి గడువు

కొన్న తరువాత కలిగే పశ్చాత్తాపానికి మన ధర్మశాస్త్రాలు పెట్టిన పేరు అనుశయం. మనువు చెప్పిన పద్దెనిమిది వివాదాల్లో క్రయవిక్రయానుశయం ఒకటి. కొన్నవాడి మనసు మారినా, అమ్మినవాడి మనసు మారినా పది రోజుల్లోగా బేరం రద్దు చేసుకోవచ్చన్నాడాయన. కౌటిల్యుడు వర్తకులకు ఒక రాత్రి, సేద్యగాళ్లకు మూడు, పశువుల కాపరులకు అయిదు రాత్రులు గడువిచ్చాడు. యాజ్ఞవల్క్యుడు మనిషిని వదిలి సరుకును చూశాడు. ఇనుముకు ఒక రోజు, పాడి పశువుకు మూడు, బరువు లాగే పశువుకు అయిదు, రత్నాలకు ఏడు, విత్తనాలకు పది రోజుల పరీక్షాకాలం పెట్టాడు. మనుషుల్ని కొనడానికి కూడా ఆ శ్లోకంలోనే గడువు ఉంది. ఆ కాలపు క్రూరత్వాన్ని దాచి చెప్పడం తగదు. యాజ్ఞవల్క్యుడి స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలోనే కేతన తెలుగు చేశాడు. గేదె నిజంగా ఎన్ని పాలిస్తుందో ఒక్క పూటలో తేలదు, ఎద్దు కాడి కింద మొండికేస్తుందో లేదో సంతలో తెలియదు. లోపం బయటపడడానికి పట్టే కాలమే గడువుకు కొలత అయింది.

వాడిన స్పోర్ట్స్ కారు దగ్గర నిలబడి, కొనాలా వదిలేసి రావాలా అని తేల్చుకోలేని మనిషి పరిస్థితిని నేను ఈ చరిత్రలో పెట్టి చూస్తాను. వదిలేసి రావడాన్ని చాలామంది పిరికితనమనో, ఇంతదూరం వచ్చి బేరం చెడగొట్టుకోవడమనో అనుకుంటారు. నా లెక్కలో అది పాత అనుశయమే. మన సేల్ ఆఫ్ గూడ్స్ చట్టానికి మూలమైన ఇంగ్లీషు చట్టం ఆ పశ్చాత్తాపానికి కొన్న తరువాత ఉండిన రోజుల్ని తీసేసింది. దాంతో అనుశయానికి కొనక ముందరి ఘడియలే మిగిలాయి. 1603 నాటి ఒక ప్రసిద్ధ తీర్పు ఆ ఇంగ్లీషు చట్టం తీరును సూటిగా చూపిస్తుంది. లండన్‌లో ఒక కంసాలి ఒక రాయిని బెజోర్ అని చెప్పి 100 పౌన్లకు అమ్మాడు. మేక కడుపులో పుడుతుందనీ, విషానికి విరుగుడనీ నమ్మి జనం వెతికి కొన్న రాయి అది. తీరా అది బెజోర్ కాదని తేలింది. అమ్మినవాడు బెజోర్ అని నోటితో అన్నాడే గాని పూచీ పడలేదు కాబట్టి అతన్ని పట్టుకోవడానికి లేదని న్యాయస్థానం తేల్చింది. కొనేవాడి జాగ్రత్త కొనేవాడిదే అన్న సూత్రం ఆ తరువాత దాదాపు మూడు శతాబ్దాలు రాజ్యమేలింది.

1893లో బ్రిటన్ సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం చేసినప్పుడు ఆ సూత్రం కొంత మెత్తబడింది. వ్యాపారి వర్ణించి అమ్మిన సరుకు అమ్మకానికి తగ్గ నాణ్యతతో ఉండాలన్నారు. కానీ పక్కనే ఒక మెలిక పెట్టారు. కొనేవాడు సరుకును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో కనపడాల్సిన లోపాలకు ఈ రక్షణ వర్తించదు. 1930 నాటి మన చట్టంలో 16వ సెక్షన్ చెప్పేదీ అదే. నారదస్మృతి కూడా ఇంతే కచ్చితంగా ఉంటుంది: మంచిచెడ్డలు ముందే చూసుకోవాలి, బాగా పరీక్షించి ఒప్పుకున్నదాన్ని తిప్పి ఇవ్వడానికి వీల్లేదు. ఇక్కడ కొనేవాడు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. పరీక్ష చేయించుకుని, లోపం చూసి, అయినా కొంటే మన చేతిలో ఉన్న ఆయుధాన్ని మనమే కింద పెట్టినట్టు. పరీక్ష విలువంతా, అవసరమైతే దాని తరువాత తిరిగి వెళ్లిపోవడానికి మనం సిద్ధంగా ఉండడంలోనే ఉంది. అమ్మేవాడు మెకానిక్‌ను దగ్గరికి రానివ్వనంటే ఆ బేరం అక్కడితో సరి.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం: కోర్టులున్నాయి కదా, మోసపోతే న్యాయం దొరుకుతుంది కదా అని. దొరికిన కేసు ఒకటి స్పోర్ట్స్ కారుదే. ఫియట్ ఎక్స్ వన్ బై నైన్ 1972లో వచ్చిన చిన్న రెండు సీట్ల కారు. బెర్టోనె డిజైను, ఇంజను సీట్ల వెనకాల, పైకప్పు ఊడదీసి పెట్టుకోవచ్చు. తుప్పుకు పేరుపడ్డ బండి కూడా. ఇంగ్లండులో ఒకతను ఇలాంటి కారును మంచి కండిషన్‌లో ఉందన్న ప్రకటన చూసి కొన్నాడు. అది అంతకుముందే ఒక రోజుకు పైగా నీళ్లలో మునిగి ఉందనీ, బీమా సంస్థ దాన్ని పనికిరానిదిగా లెక్క రాసేసిందనీ అతనికి తరువాత తెలిసింది. 1988 నాటి లా రిపోర్టుల్లో ఈ తీర్పు ఉంది. నడిచే బండే అయినా, దాని గతం తెలిస్తే ఆ ధరకు ఎవరూ ముట్టుకోరు, కాబట్టి అది అమ్మకానికి తగ్గ సరుకు కాదని అప్పీలు కోర్టు అంది. చరిత్ర కూడా సరుకులో భాగమేనని ఒప్పుకున్న ఈ తీర్పంటే నాకు గౌరవం. అయితే ఆ న్యాయం చేతికందడానికి అతను అప్పీలు కోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది.

1967లో మరో కేసు వచ్చింది. 1961 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ అని ప్రకటించి అమ్మిన కారు నిజానికి రెండు కార్ల సగాలను వెల్డింగు చేసి కలిపినది. వెనక సగానికి 1200 అన్న బిళ్ల ఉంది, ముందు సగం అంతకన్నా పాత మోడల్‌ది. అమ్మిన మనిషికీ ఆ సంగతి తెలియదు. వర్ణనకు సరిపోలేదు కాబట్టి కొన్నవాడు గెలిచాడు. నిజాయితీగా అమ్మేవాడి దగ్గర కూడా బండి అబద్ధమాడగలదని ఈ కేసు చెబుతుంది. అందుకే మనిషి మంచివాడు అన్న మొహమాటంతో కొనడం తగదు.

బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం లోపమున్న సరుకును 30 రోజుల్లో తిరస్కరించే హక్కు ఇచ్చింది. వ్యాపారి అమ్మిన పాత కార్లకూ అది వర్తిస్తుంది. అనుశయపు రోజులు మళ్లీ వచ్చాయి కదా అనవచ్చు. కొంతవరకే వచ్చాయి. మనసు మారితే చాలదు, లోపం ఉండాలి. సొంతదారు నేరుగా అమ్మితే ఆ హక్కు లేదు, అక్కడ వర్ణన ఒక్కటే ఆధారం. మోజుపడి కొనే కార్లు ఎక్కువగా చేతులు మారేది అలాగే. పరీక్షలో కనపడాల్సిన లోపం గురించిన పాత మెలిక ఈ చట్టంలోనూ ఉంది.

రెండో అభ్యంతరం బలమైనది. పాత బండన్నాక ఏదో ఒక లోపం ఉంటుంది, ధర తగ్గించుకుంటే సరిపోతుంది కదా, ప్రతిదానికీ వెనుదిరిగితే ఎప్పటికీ కొనలేం. ఇది నిజమే. 1965లో ఒక జాగ్వార్ కేసులో డెనింగ్ న్యాయమూర్తి కూడా ఇదే అన్నారు. క్లచ్‌కు పని ఉందని అమ్మినవాడు ముందే చెప్పాడు, 25 పౌన్లు తగ్గించాడు. పని మొదలుపెడితే ఖర్చు అంతకన్నా చాలా ఎక్కువైంది. కొన్నవాడు ఓడిపోయాడు. అతను దేనికి ఒప్పుకున్నాడో చూడండి: ఎంత పడుతుందో తెలియని మరమ్మతుకు తెలిసిన మొత్తం పుచ్చుకుని సరిపెట్టుకున్నాడు. అరిగిన టైర్లకు, చిరిగిన సీట్లకు ధర కట్టవచ్చు. 1990ల చివరి నుంచి దాదాపు దశాబ్దం పాటు వచ్చిన పోర్షే 911, బాక్స్‌స్టర్ ఇంజన్లలో ఒక షాఫ్టు బేరింగు ఉండేది. అది విఫలమైతే ఇంజను మొత్తం పోవచ్చు, దాన్ని చూడాలంటే గేర్‌బాక్సు దించాలి. అమెరికాలో దానిపై దావా నడిచి 2013లో రాజీ కుదిరింది. ఇలాంటి బండికి సర్వీసు కాగితాలు లేనప్పుడు తగ్గింపు ఎంత అడగాలో ఎవరికీ తెలియదు. ధర కట్టలేని లోపం దగ్గర బేరం ఆడడం కన్నా లేచి రావడమే మంచిదని నా అభిప్రాయం.

1970లో ఆర్థికవేత్త జార్జ్ అకర్‌లాఫ్ పాత కార్ల మార్కెట్టుపై రాసిన వ్యాసం ఇదే సంగతిని మరో వైపు నుంచి చూపించింది. మంచి బండిని చెడ్డబండి నుంచి విడదీయలేక కొనేవాళ్లందరూ సగటు ధరే ఇస్తామంటే మంచి బండ్లవాళ్లు అమ్మకం మానుకుంటారు. ఆ వాదన ప్రకారం, కాగితాలు చూపలేని బండిని వదిలి రావడం మంచి బండిని జాగ్రత్తగా చూసుకున్న సొంతదారుకు మేలు చేయడమే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లను తలుచుకుంటే ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆర్సీలో ఫైనాన్సు బాకీ కనిపిస్తుంది గాని నీళ్లలో మునిగిన సంగతి కనిపించదు. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూస్తే, కార్పెట్టు ఎత్తి చూస్తే కొంత తెలుస్తుంది.

ఇక చివరి బెంగ: ప్రయాణం అయింది, మెకానిక్‌కు డబ్బిచ్చాం, బయానా కూడా పెట్టాం, అదంతా పోతుందే అని. నారదుడు దీనికీ లెక్క చెప్పాడు. కొన్ననాడే తిప్పి ఇస్తే నష్టం లేదు. రెండో రోజు ఇస్తే వెలలో ముప్పయ్యో వంతు వదులుకోవాలి, మూడో రోజైతే దానికి రెట్టింపు. ఆ తరువాత సరుకు కొన్నవాడిదే. పది లక్షల బండికి ముప్పయ్యో వంతంటే ముప్పయి మూడు వేల పైచిలుకు. మెకానిక్ కూలి, రైలు టికెట్టు కలిపినా అంతకు చాలా లోపే ఉంటాయి.