చెన్నపురి విద్యాలయములు – ప్రతిభాసత్కారము

చెన్నపురిలో అధ్యాపకుని సత్కరించు సంప్రదాయము 1857లో విశ్వవిద్యాలయము స్థాపితమైన కాలముననే వేరూనినది. పచ్చయప్ప పాఠశాలలోను, పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలగా వాసికెక్కిన విద్యాలయములోను తెలుగు బోధించి, 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును ఆంధ్రలోకమున కర్పించిన పరవస్తు చిన్నయసూరి పాండిత్యమునకు ముగ్ధుడై, ఆంగ్లాధికారియగు ఆర్బత్‌నాట్ దొర ‘చిన్నయసూరి’ యను నక్షరములు చెక్కిన స్వర్ణకంకణమును సీమనుండి తెప్పించి బహూకరించెనని పండితలోకము పరంపరగా చెప్పుకొనుచున్నది. ధనమునకంటె ఆ కంకణముపై వెలసిన నామాక్షరములే గురువునకు నిజమైన గౌరవము.

అయితే ప్రతి ప్రతిభకును అట్టి ఆదరము లభింపలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యెల్లాప్రగడ సుబ్బారావు, గాంధీమహాత్ముని పిలుపునకు స్పందించి ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే వెడలవలసివచ్చెను. ఆ విద్యార్థియే 1923లో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టగా, 1925లో ప్రకటితమైన ఆ విధానము ఫిస్కే–సుబ్బారావు పద్ధతియను పేర లోకవిఖ్యాతమైనది.

విద్యాపీఠముల కీర్తికి భవనముల ఔన్నత్యము చాలదు. తమ యెదుట శ్రమించు గురుశిష్యుల ప్రతిభను సకాలమున గుర్తించుటయే వాని ప్రథమధర్మము. నేటి విద్యాధికారులు ఈ ధర్మమును మరువకుందురు గాక!