వార్తాహరుని ధర్మము



కురుక్షేత్ర యుద్ధవార్త హస్తినాపురమందున్న ధృతరాష్ట్రునకు ఎట్లు చేరెను? సంజయుడు రాజు చెంతనే కూర్చుండి, 18 దినములును చూచినది చూచినట్లు చెప్పెనని లోకమున వాడుక. వ్యాసభగవానుడు అతనికి దివ్యదృష్టి ననుగ్రహించిన మాట నిజమే. కాని భారతమున క్రమము వేఱు. 10వ నాడు భీష్ముడు పడిన పిదప సంజయుడు రణభూమినుండి వడిగా వచ్చి, ముందుగా ఆ పిడుగువంటి వార్తనే రాజు చెవిని వేసెను. రాజు శోకించి, ఎట్లు జరిగెనని అడిగిన మీదటనే మొదటినాటి కథ మొదలయ్యెను. గీతోపదేశమును రాజు వినుట అప్పుడే. ద్రోణ, కర్ణ, శల్య పర్వములందును ఇదే తీరు: ముందు ఫలము, పిదప వృత్తాంతము.

ఈ వార్త మోయుట సులభము కాదు. శల్యపర్వమున సాత్యకి సంజయుని చంపబూనగా వ్యాసుడే వచ్చి విడిపించెను. త్రోవలో గద చేబూని ఒంటరియై యున్న దుర్యోధనుడు, తాను మడుగు సొచ్చినట్లు తండ్రికి తెలుపుమనెను. సంజయుడు దానిని దాచలేదు. ప్రియము పలుకుటకై సత్యమును మార్చలేదు. ఈ నాశమునకు రాజు దోషమే మూలమని ఎదుటనే చెప్పెను.

యుద్ధమునకు ముందు అదే సంజయుడు హితము చెప్పగా రాజు పెడచెవిని పెట్టెను. వేళకు వినని సత్యము, వేళ మీరిన పిదప శోకవార్తయై వచ్చును.

స్వస్తి.