కొండనీళ్లు, దోమ కడుపు



జయపురం, కొరాపుట్ వైపు స్థిరపడిన మన ఇళ్లలో ఒక మాట ఇంకా వినిపిస్తుంది: "అక్కడి నీళ్లు పడలేదు." ఉద్యోగానికో వ్యాపారానికో ఘాటీ ఎక్కిన మనిషి చలిజ్వరంతో మంచం పడితే తప్పంతా నీళ్లదే. మా మామ్మ తన మొదటి బిడ్డ గురించి చెప్పినప్పుడు దోమ ఊసే ఎత్తేది కాదు. "కొండనీళ్లు తాగింది నేను, పోయింది వాడు" అనేది. ఎనభై ఏళ్లు దాటినా ఆ నేరం తన నెత్తినే పెట్టుకుంది. ఈ నాలుగు మాటలు అందుకే రాస్తున్నాను.

అలా అనుకున్నది మన ముసలివాళ్లే కాదు. దోమలు చచ్చిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందని లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అంతటి వైద్యుడు నమ్మాడు. ఆయన మాట మీద రొనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాదులో అలాంటి నీళ్లు మనుషుల చేత తాగించి చూశాడు కూడా (ఇప్పుడైతే జైలుకే!). ఏమీ తేలలేదు. రెండేళ్ల తర్వాత, 1897 ఆగస్టు 20న, అదే సికింద్రాబాదులో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమకు అణా చొప్పున ఇచ్చి కుట్టించాడు కదా, ఆ మచ్చరెక్కల దోమల్లో ఒకదాన్ని కోస్తే కడుపు గోడలో మలేరియా క్రిమి కనబడింది. దాంతో నీళ్ల మీద కేసు కొట్టేసినట్టయింది.

పూర్తిగా కొట్టేయాలా అన్నదే నా ప్రశ్న. మన కొండల్లో మలేరియా మోసేది ముఖ్యంగా అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. అది మురుగులో పెరగదు. మెల్లగా పారే తేట వాగులో గుడ్లు పెడుతుంది. అంటే మామ్మ భయపడిన వాగే దాని పుట్టిల్లు.

రాస్ కోసిన ఆ కడుపులో ఆయన వెతకని కాపురాలు ఇంకా ఉన్నాయి. అవి బాక్టీరియా. గుడ్డు నుంచి వచ్చిన లార్వా నీటిలోని బాక్టీరియాను, నాచును తిని బతుకుతుంది. ప్రయోగశాలలో బాక్టీరియా లేకుండా చేస్తే లార్వాలు ఎదగకుండానే ఆగిపోయాయి. ప్యూపా దోమగా మారేటప్పుడు పేగు పాత పొర విడిపోయి, బాక్టీరియాలో చాలాభాగం దానితోపాటే బయటికి పోతుంది. ఇల్లు మారేటప్పుడు పాత సామాను వదిలేసినట్టే. కొద్దిగా మిగిలినవి, దోమ తర్వాత తాగిన నీటితో, పూలతేనెతో చేరినవి కొత్త కాపురం పెడతాయి. ఆడదోమ రక్తం తాగిందా, ఒక్క రోజులో అవి వందల రెట్లు పెరుగుతాయి.

సరిగ్గా ఆ రోజే మలేరియా క్రిమి పేగు గోడ దాటాలి. అక్కడే పోరు. యాంటీబయాటిక్ ఇచ్చి బాక్టీరియాను తుడిచేసిన దోమల్లో మలేరియా క్రిములు ఎక్కువగా నిలిచాయి. జాంబియా దోమల్లో దొరికిన ఒక ఎంటరోబాక్టర్ జాతి, క్రిమి గోడ చేరకముందే దాన్ని చంపేస్తుందని 2011లో తేలింది. 2023లో వచ్చిన కబురు ఇంకా తమాషా. స్పెయిన్‌లో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పెంచుతున్న దోమలకు ఉన్నట్టుండి మలేరియా అంటుకోవడం మానేసింది. ఎందుకా అని చూస్తే డెల్ఫ్టియా అనే బాక్టీరియా వాటి పేగుల్లో తిష్ట వేసి ఉంది. అది వదిలే హార్మేన్ అనే పదార్థం క్రిమిని ఎదగనివ్వడం లేదు.

కాబట్టి దోమ ఏ నీటిలో పుట్టింది, ఆ నీటిలో ఏం తిని పెరిగింది అన్నది చిన్న సంగతి కాదు. ఒకే జాతి దోమలైనా అన్నీ ఒకేలా జ్వరాన్ని మోయవు. "నీళ్లు" అని మనవాళ్లు వేలు పెట్టిన చోటు మరీ తప్పేం కాదు, కానీ దారి గొంతులోంచి కాదు. మామ్మ ఏ వాగు నీళ్లు తాగినా ఆ బిడ్డకు జ్వరం వచ్చేది దోమ కుట్టినందుకే. ఈ మాట ఆమెకు చెప్పేవాళ్లు అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. నాకు తెలిసేసరికి ఆమె లేదు.

ఘాటీ పైన కాపురాలు పెట్టిన రోజుల ఉత్తరాలు, క్వినైన్ కొన్న పద్దులు ఎవరి ట్రంకుపెట్టెల్లో ఉన్నా ఫొటో తీసి పంపండి. తేదీ కనబడేలా తీయండి.