రాసినవాడు మాయమైతే సాఫ్ట్‌వేర్ ఏమవుతుంది? వర్డ్‌ప్రెస్ పుట్టిన కథ

"అన్నా, వెబ్‌సైట్ పెట్టాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఆగిపోతే ఎవర్ని అడగాలి?" కామెంట్స్‌లో ఎక్కువగా వచ్చే రెండు ప్రశ్నలు ఇవే. ఈ రెండిటికీ జవాబు ఒకే కథలో ఉంది. అది 2003 నాటి కథ.

ముందు బేసిక్స్ చూద్దాం. మొదట్లో వెబ్‌సైట్ అంటే ప్రతి పేజీకీ ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్. యాభై పేజీలు ఉంటే యాభై ఫైళ్లు. మెనూలో ఒక్క పేరు మార్చాలన్నా యాభై ఫైళ్లూ తెరవాలి, మళ్లీ సర్వర్‌కి ఎక్కించాలి. ఈ తలనొప్పిని తీర్చడానికి వచ్చిందే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే సీఎంఎస్. మీరు రాసింది డేటాబేస్‌లో ఉంటుంది, సైట్ ఎలా కనిపించాలన్నది థీమ్‌లో ఉంటుంది. ఎవరైనా సైట్ తెరవగానే సాఫ్ట్‌వేర్ ఆ రెండిటినీ కలిపి పేజీ తయారుచేసి చూపిస్తుంది. మీ అమ్మగారి పచ్చళ్ల వ్యాపారానికి సైట్ పెట్టారనుకోండి, ఆవకాయ ధర ఒక్కచోట మారిస్తే చాలన్నమాట.

ఇప్పుడు కథలోకి వెళ్దాం. 2001లో మిషెల్ వాల్‌డ్రిగీ అనే ఫ్రెంచ్ డెవలపర్ బీ2 అనే చిన్న సాఫ్ట్‌వేర్ రాశాడు. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీద నడిచేది. చాలామంది తమ బ్లాగులకి దాన్నే వాడారు. 2002 చివరికి వచ్చేసరికి అప్‌డేట్స్ ఆగిపోయాయి. నెలలు గడిచాయి, రాసినతను ఎక్కడున్నాడో తెలియదు.

ఒక్కసారి ఆ వాడేవాళ్ల పరిస్థితి ఆలోచించండి. సైట్ నడుస్తోంది. కానీ రేపు ఏదైనా సెక్యూరిటీ లోపం బయటపడితే సరిచేసేవాడు లేడు. రాసుకున్నదంతా దాని లోపలే ఉంది.

2003 జనవరి 24న అమెరికాలోని హ్యూస్టన్‌లో మ్యాట్ ముల్లెన్‌వెగ్ అనే 19 ఏళ్ల కుర్రాడు ఇదే సమస్య మీద తన బ్లాగులో ఒక పోస్ట్ రాశాడు. వేరే సాఫ్ట్‌వేర్‌కి మారాలా? లేదా బీ2 జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది కాబట్టి ఆ కోడ్‌నే తీసుకుని మనమే ముందుకు నడపాలా? మరుసటి రోజు ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్ నుంచి మైక్ లిటిల్ అనే డెవలపర్ ఆ పోస్ట్ కింద కామెంట్ పెట్టాడు. నువ్వు నిజంగా చేస్తానంటే నేనూ కలుస్తా అని దాని సారాంశం. ఇద్దరూ పని మొదలుపెట్టారు. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ 0.7 విడుదలైంది.

ఇలా ఉన్న కోడ్‌ని తీసుకుని వేరుగా నడపడాన్ని ఫోర్క్ అంటారు. మన దగ్గర మామిడికి అంటు కడతారు కదా, అలాంటిదే. తల్లి చెట్టు ఎండినా అంటు బతుకుతుంది. ఇందులో ఇంకో మంచి విషయం ఏంటంటే, వాల్‌డ్రిగీ తర్వాత తిరిగొచ్చాడు. బీ2కి అసలు వారసుడు వర్డ్‌ప్రెస్సే అని ప్రకటించి, తనూ ఆ టీమ్‌లో చేరాడు.

ఇదంతా సాధ్యమైంది లైసెన్స్ వల్లే. జీపీఎల్ కింద ఉన్న సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా వాడొచ్చు, లోపల ఎలా ఉందో చదవొచ్చు, మార్చొచ్చు, మార్చింది మళ్లీ పంచొచ్చు. బీ2 కోడ్ ఒక కంపెనీ లాకర్‌లో ఉండి ఉంటే, వాడేవాళ్లకి ఎదురుచూడటం తప్ప దారి ఉండేది కాదు.

దీనికి ఏడాదిలోపే ఇంకో ఉదాహరణ దొరికింది. అప్పట్లో బాగా పాపులర్ అయిన మూవబుల్ టైప్ 2004 మేలో 3.0 వెర్షన్‌తో పాటు లైసెన్స్ నియమాలు మార్చింది. ఉచిత వెర్షన్‌లో ఒక్క రచయితే ఉండాలి, మూడు బ్లాగులకి మించకూడదు అంది. వాడేవాళ్లలో చాలామంది మండిపడ్డారు, కొందరు వర్డ్‌ప్రెస్‌కి మారిపోయారు. అదే నెలలో వర్డ్‌ప్రెస్ 1.2 ప్లగిన్‌లు తెచ్చింది. 2005 ఫిబ్రవరిలో 1.5 థీమ్‌లు తెచ్చింది. ఈరోజు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి.

జూమ్లాదీ ఇలాంటి కథే. మాంబో అనే సీఎంఎస్ పెత్తనం ఎవరిది అన్న గొడవలో 2005 ఆగస్టులో దాని డెవలపర్లు బయటికొచ్చి కొత్త ప్రాజెక్ట్ పెట్టుకున్నారు. పేరు స్వాహిలీ మాట నుంచి తీసుకున్నారు, 'అందరూ కలిసి' అని అర్థం. హైదరాబాద్ ఉర్దూలో మొత్తాన్ని జుమ్లా అంటాం కదా, రెండిటి మూలమూ అరబిక్కే.

ఇప్పుడు రెండో ప్రశ్నకి వద్దాం. సపోర్ట్ ఎవరిస్తారు? జీపీఎల్‌లో ఎక్కువమంది చదవని ముక్క ఒకటుంది. ఈ సాఫ్ట్‌వేర్‌కి ఎలాంటి గ్యారంటీ లేదు అని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. అంటే కోడ్ మీద హక్కు మీకిచ్చారు, సేవ చేస్తామని మాత్రం మాటివ్వలేదు. వర్డ్‌ప్రెస్ సపోర్ట్ ఫోరమ్‌లో జవాబిచ్చేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లు, జీతం తీసుకునే కస్టమర్ కేర్ కాదు. అందుకే అడిగే పద్ధతి తెలియాలి.

ముందు మీది ఏ వర్డ్‌ప్రెసో చూసుకోండి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది ఆటోమాటిక్ అనే కంపెనీ నడిపే సర్వీస్, మీ సైట్ అక్కడుంటే వాళ్లనే అడగాలి. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి తీసుకున్న సాఫ్ట్‌వేర్‌ని మీ సొంత హోస్టింగ్‌లో పెట్టుకుంటే, సర్వర్ సమస్యకి హోస్టింగ్ వాళ్లని, ప్లగిన్ సమస్యకి ఆ ప్లగిన్ సొంత సపోర్ట్ పేజీలో అడగాలి.

రెండోది, దేన్నైనా ముట్టుకునే ముందు బ్యాకప్ తీయండి. డేటాబేస్, డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్ రెండూ కావాలి. టూల్స్‌లో ఉండే ఎక్స్‌పోర్ట్ ఒక్కటే చాలదు, ఆ ఫైల్‌లో ఫొటోలు రావు.

మూడోది, తప్పు ఎక్కడుందో వెతకండి. ప్లగిన్‌లన్నీ ఆపి, డిఫాల్ట్ థీమ్ పెట్టి చూడండి. సమస్య పోయిందా? అయితే ఒక్కొక్కటే మళ్లీ ఆన్ చేస్తూ రండి, దొంగ దొరుకుతాడు. డాష్‌బోర్డ్‌లోకే వెళ్లలేకపోతున్నారా? 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి రికవరీ మోడ్ ఉంది. సైట్‌లో క్రిటికల్ ఎర్రర్ వస్తే అడ్మిన్ ఈమెయిల్‌కి లోపలికి వెళ్లే లింక్ వస్తుంది. కాబట్టి సెట్టింగ్స్‌లో మీరు రోజూ చూసే ఈమెయిలే ఉందో లేదో ఇవాళే చెక్ చేయండి.

నాలుగోది, అడిగేటప్పుడు వివరంగా రాయండి. "సైట్ పని చేయట్లేదు, హెల్ప్" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. వర్డ్‌ప్రెస్ వెర్షన్, పీహెచ్‌పీ వెర్షన్, థీమ్ పేరు, ఎర్రర్ మెసేజ్ ఉన్నది ఉన్నట్టు, దానికి ముందు మీరు ఏం మార్చారు, ఇవన్నీ రాయండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. ఫోరమ్‌లో ఎవరైనా అడిగితే అదే అనుమానించాల్సిన విషయం.

చివరగా, అప్‌డేట్స్ వాయిదా వేయకండి. 2014 అక్టోబర్ 15న డ్రూపల్ అనే ఇంకో సీఎంఎస్‌లో పెద్ద లోపం బయటపడింది. ఆ ప్రకటన వచ్చిన 7 గంటల్లోపు సరిచేసుకోని సైట్లన్నీ హ్యాక్ అయినట్టే అనుకోండి అని తర్వాత డ్రూపల్ సెక్యూరిటీ టీమే చెప్పింది. రోజులు కాదు, గంటలు.

కాబట్టి సీఎంఎస్ ఎంచుకునేటప్పుడు ఫీచర్ల కంటే ముందు ఒకటి అడగండి: దీన్ని రాసినవాళ్లు రేపు మాయమైతే నా రాతలు, నా ఫొటోలు నా చేతిలో ఉంటాయా? 2003లో బీ2 వాడిన వాళ్లకి ఆ జవాబు "ఉంటాయి" అని వచ్చింది కాబట్టే ఈరోజు వర్డ్‌ప్రెస్ ఉంది. మీ సమస్య తీరాక, ఎలా తీరిందో అదే పేజీలో రెండు లైన్లు రాయండి. ఇంకో ఊళ్లో ఇంకొకరికి అదే సపోర్ట్ అవుతుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.